సగం కడిగిన జీపు

పెదనాన్న పోయారని పెద్దమ్మ ఫోను చేసినప్పుడు నేను మహానది ఇసుకలో ఉన్నాను. జీపు వెనక చక్రాలు సగం దాకా దిగబడి ఉన్నాయి. "పొద్దున్న టీ తాగి పడుకున్నారే, మరి లెగలేదు," అందావిడ. ఏడవలేదు. ఎప్పుడు తీసుకెళ్తారని అడిగాను. "మూడు గంటలకంతన్నారు. నువ్వు బేగి వచ్చీ," అంది. అప్పటికే పన్నెండు దాటింది. చక్రాల్లో గాలి కొంత తీసేసి, ముందున్న ఇసుక చేత్తో తోడి, బండిని మెల్లగా గట్టుకి లాగేసరికి గంటన్నర పట్టింది. కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కితే బండి ఇంకా లోపలికి పోతుందని నాకు నేర్పింది ఆయనే. ఆయన చెప్పినట్టే చేసి, ఆయన్ని ఆఖరిసారి చూడలేకపోయాను. నేను రాయపూర్ చేరేసరికి మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నారు.

పెదనాన్న అంటున్నానని మా నాన్నకి అన్నగారనుకోకండి. ఇద్దరూ రైల్వే వేగన్ల షాపులో ఫిట్టర్లు. ఆయనది పలాస వైపు, మాది బొబ్బిలి వైపు. రాయపూర్‌లో మాలాంటి తెలుగువాళ్లకి బంధువులు పుట్టుకతో రారు, క్వార్టర్ల కేటాయింపుతో వస్తారు. మా పక్క క్వార్టరు ఆయనకి వచ్చింది కాబట్టి ఆయన మాకు పెదనాన్న అయ్యారు. మా నాన్న చిన్నవయసులోనే పోయాక, గోడకి అటువైపు నుంచి వచ్చే ఆయన దగ్గు వినపడితే చాలు, ఇంట్లో మగదిక్కు ఉన్నట్టు అమ్మ నిద్రపోయేది.

రిటైరయ్యాక ఆయన ఊరికే కూర్చోలేదు. టాటీబంధ్ చౌరస్తాకి కాస్త అవతల, లారీలు ఆగే చోట, ఒక రేకుల షెడ్డు వేసుకున్నారు. బండి ఎక్కించడానికి రెండు సిమెంటు దిమ్మలు, ఒక నీళ్ల పంపు, ఒక గాలి మిషను. బోర్డు మీద హిందీలో 'ధులాయీ' అని ఒక్కటే మాట, బళ్లు కడుగుతామని. ఊళ్లో తిరిగే కార్లని ఆయన పెద్దగా లెక్కచేసేవారు కాదు. "ఈటికి కడుగుడేటి, పౌడరు రాసుకోడానికొచ్చేయి," అనేవారు. గనులకీ, అడవికీ, ఏటి అవతలి ఊళ్లకీ వెళ్లొచ్చిన బండి వస్తేనే ఆయన చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి, దిమ్మల మధ్యలోకి దిగేవారు.

దిగేముందు బండిని అరగంట నిలబెట్టేవారు. వచ్చినవాడు ఎంత గోల పెట్టినా సరే. "ఎండలోంచి వచ్చినోడి నెత్తిన బిందెడు చన్నీళ్లు కుమ్మరిస్తావేటి? కూసోనీ ముందు," అనేవారు. కాలిపోతున్న బ్రేకుల మీద చల్లటి నీళ్లు పడితే ఇనుము వంకర పోతుందని తర్వాత ఎప్పుడో విడమరిచి చెప్పారు. ఆ అరగంటా ఆయన సాసర్లో టీ పోసుకుని తాగుతూ, బండి యజమానికి కూడా ఒక కప్పు ఇచ్చి, ఒకే ప్రశ్న వేసేవారు. ఎక్కడినుంచి?

ఆ ప్రశ్న మర్యాదకి వేసేది కాదు, పనికి కావలసింది. ఛత్తీస్‌గఢ్‌లో మట్టికి పేర్లున్నాయి. నల్లగా జిగురుగా పట్టేది కన్హార్, పసుప్పచ్చగా ఉండేది మటాసి, ఎర్రటి గులకరాళ్లది భాటా. ఒక్కోదాన్నీ ఒక్కోలా వదిలించాలి. కన్హార్‌ని నానబెట్టాలి, భాటాని కర్రతో తట్టి రాల్చాలి. ఇక ఏటి ఇసుక ఉందంటే అసలు నీళ్లే ముట్టుకోకూడదు. ముందు పొడి బ్రష్షు, తర్వాత గాలి, ఆ తర్వాతే నీళ్లు. తడిస్తే ఇసుక గుడ్డకి అంటుకుని రంగుని గీకేస్తుంది, లేదా సందుల్లోకి జారి బ్రేకు డ్రమ్ముల్లో కూర్చుంటుంది. "ఇసక్కి గాలి, బురదకి నీరు. అటిటు సేసినోడు బండికి పగోడు," అన్నది ఆయన వేదం. మిగతా షెడ్లవాళ్లు పైనుంచి కిందికి కడుగుతారు, ఈయన కిందినుంచి పైకి. ఎందుకని ఒకసారి అడిగితే, "పైన మెరిసింది జనం సూస్తారు. కింద మిగిలింది తుప్పు సూస్తాది," అన్నారు. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న చిన్న రంధ్రాలుంటాయని నాకు అంతవరకూ తెలియదు. వాటిని చీపురుపుల్లతో ఒక్కొక్కటే పొడిచి, మట్టినీళ్లు కారడం చూసి తృప్తిగా తలూపేవారు.

ముప్పయ్యేళ్లు వేగన్లు బాగుచేసిన మనిషి. ఖాళీ వేగన్ అడుగున మిగిలిన పొడి చూసి అది ఏ గనినుంచి వచ్చిందో షాపులో పందేలు కాసేవారట. మా నాన్న చాలాసార్లు ఓడిపోయారట. ఈ సంగతి నాకు గుర్తుండి ఉంటే, ఇప్పుడు చెప్పబోయే తెలివితక్కువ పని చేసేదాన్ని కాదు.

నేను అప్పట్లో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఊళ్లలో చేతిపంపులు పనిచేస్తున్నాయో లేదో స్వయంగా వెళ్లి చూసి రిపోర్టు రాయడం మా పని. కంపెనీ జీపు నేనే నడిపేదాన్ని. మా ఆఫీసు దేవేంద్ర నగర్‌లో. అక్కడ ఒక వింత ఆచారం ఉండేది. సాయంత్రం వచ్చిన బండి శుభ్రంగా ఉంటే మా సారు అనుమానంగా చూసేవారు, బురదతో ఉంటే పని జరిగిందని సంతోషించేవారు. అందుకని వెళ్లినా వెళ్లకపోయినా దార్లో ఏదో ఒక మడి పక్కన బురదలో బండిని నాలుగుసార్లు తిప్పుకుని రావడం మాలో కొందరికి అలవాటైంది. నేను వాళ్లని చూసి నవ్వేదాన్ని. ఒక శ్రావణమాసంలో ఆ నవ్వు మానేశాను.

ఆ రోజు ధమ్‌తరీ దాటి ఒక వాగు అవతలి ఊరికి వెళ్లాలి. మూడు పంపులు చూడాలి. వాగులో నీళ్లు మోకాలి పైదాకా ఉన్నాయి. దాటొచ్చు, కానీ వాన మబ్బు కమ్మింది, నాకు బద్ధకం కమ్మింది. సర్పంచికి ఫోను చేస్తే, "సబ్ చల్ రహా హై మేడమ్," అన్నాడు. మూడూ పనిచేస్తున్నాయని రాసేశాను. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క నల్లమట్టిలో జీపుని తలుపుల దాకా ముంచాను. మా సారు చూసి "వెరీ గుడ్" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆ జీపుని టాటీబంధ్ తీసుకెళ్లాను.

"ఎక్కణ్నించే గుంటా?" అన్నారు పెదనాన్న, టీ పోస్తూ. మా వైపు ఆడపిల్లని గుంట అనే పిలుస్తారు.

ఊరి పేరు చెప్పాను. వాగు దాటావా అన్నారు. దాటాను అన్నాను. ఆయన దిమ్మల మధ్యకి దిగి, చక్రం పైన తడిమి, ఇంత మట్టి తీసి వేళ్ల మధ్య నలిపారు. వెనక చక్రం దగ్గర కూడా అలాగే చేశారు.

"ఇసకేదే?"

"వానకి కొట్టుకుపోయుంటుంది పెదనాన్నా."

"ఇసక కొట్టుకుపోయి, కన్హారు ఉండిపోయిందేటి?"

ఆయన చేతి మట్టి దులుపుకుని పని మొదలుపెట్టారు. ఎప్పటిలాగే నానబెట్టి, తోమి, కిందినుంచి పైకి కడిగారు. గంట తర్వాత పిలిచారు. జీపు ఎడమ సగం అద్దంలా ఉంది. కుడి సగం ఎలా వచ్చిందో అలాగే ఉంది. ముందు అద్దం మీద నిలువునా గీత గీసినట్టు ఒకవైపు వెలుగు, ఒకవైపు బురద.

"ఇదేంటి పెదనాన్నా?"

"సగం దారికి సగం కడుగుడు. మిగిలింది మిగతా దారి పోయొచ్చేక," అని చెప్పులు తొడుక్కున్నారు.

ఆ జీపుతో టాటీబంధ్ నుంచి దేవేంద్ర నగర్ దాకా ఎలా వెళ్లానో నాకే తెలుసు. సిగ్నల్ దగ్గర ఆటోవాళ్లు రెండు పక్కలా వచ్చి చూసి వెళ్లారు. మా ఆఫీసు కింద పాన్‌డబ్బా అతను తమలపాకు పక్కనపెట్టి, "మేడమ్, బాకీ ఆధీ గాడీ కిస్కీ హై?" అన్నాడు. మిగతా సగం బండి ఎవరిదని. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. పైకి వెళ్లలేదు. అట్నుంచి అటే ధమ్‌తరీ రోడ్డెక్కాను.

వాగు దాటాను. రెండు పంపులు బాగానే ఉన్నాయి. మూడోది అంగన్‌వాడీ దగ్గరది. కొడితే తుప్పు రంగు నీళ్లు వస్తున్నాయి. వేసవినుంచీ అంతేనట. ఆ వాడలో ఆడవాళ్లు వాగు ఒడ్డున ఇసుకలో గుంట తవ్వుకుని, అందులో ఊరిన నీళ్లు గిన్నెతో తోడుకుంటున్నారు. వానాకాలం కదా, ఆ గుంటలోకి పైనుంచి మురుగు దిగుతోంది. ఇద్దరు పిల్లలకి విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో ఉన్నారు. నేను పంపు గురించి రాసుకుంటుంటే ఒక ముసలామె పక్కన నిలబడి, "ఆవత్ హన్ కహిథే నోనీ, కోనో నఇ ఆవయ్," అంది. వస్తామంటారు తల్లీ, ఎవరూ రారు అని. ఆమె నన్ను తిట్టలేదు. వచ్చినందుకు మెచ్చుకుంటోంది. నేను తల ఎత్తకుండా రాసుకున్నాను.

నా మొదటి రిపోర్టు అలాగే వెళ్లిపోయి ఉంటే మళ్లీ సంవత్సరం దాకా ఆ పంపు మొహం చూసేవాళ్లు ఉండరు. మా సారుకి నిజం చెప్పి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. "కల్ తక్ తో సబ్ ఠీక్ థా!", నిన్నటిదాకా అన్నీ బాగానే ఉన్నాయిగా అని ఆయన అరిచిన అరుపు కింద పాన్‌డబ్బా దాకా వినపడిందట. నాలుగు నెలలు నన్ను బయటి పనికి పంపలేదు, ఆఫీసులో కూర్చోబెట్టి ఫైళ్లకి తాళ్లు కట్టించారు. పంపు మాత్రం మూడు వారాల్లో బాగుచేశారు. ఈ శిక్ష నాకు చౌక బేరమే అనిపించింది.

చౌక కానిది ఇంకొకటి ఉంది. వాగు దాటొచ్చిన జీపుని పెదనాన్న మొత్తం కడిగారు. డ్రమ్ములు విప్పి, గాలి కొట్టి, గుప్పెడు ఇసుక తీసి చూపించారు. నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరికీ చెప్పలేదు, పెద్దమ్మకి కూడా. కానీ ఆ రోజునుంచి నన్ను 'ఎక్కడినుంచి' అని అడగడం మానేశారు. నేను వస్తే టీ ఇచ్చేవారు, అమ్మ ఆరోగ్యం అడిగేవారు, నేరుగా వెళ్లి చక్రాల వెనక చెయ్యి పెట్టి చూసుకునేవారు. పక్కనే ఎవడో కొత్త డ్రైవరు వస్తే వాణ్ని అడిగేవారు. నన్ను అడిగేవారు కాదు. ఒకసారి ఉండబట్టలేక నేనే అన్నాను, "నన్నెందుకు అడగరు పెదనాన్నా?" అని. "నిన్నడగడమెందుకే, బండి సెప్తాది కదా," అన్నారు మామూలుగా. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. కంపెనీ మారాను, జీపులు మారాయి, మళ్లీ ఏ రోజూ చూడని పంపు గురించి రాయలేదు. అది నా గొప్పతనం ఏమీ కాదు, ఆ సగం జీపు మీద ఇంకోసారి ఊరేగే ఓపిక లేక. ఆయన నా మాట ఎప్పటికైనా మళ్లీ నమ్ముతారా అన్నది మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. తండ్రి లేని పిల్లకి అలాంటివి కాస్త ఎక్కువ గుచ్చుకుంటాయి కాబోలు.

పోవడానికి నెల ముందు ఆయన స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసేంత బలం ఒంట్లో లేదన్నారు డాక్టర్లు. షెడ్డు మూతపడింది. ముందు గదిలో, వీధి కిటికీ పక్కన మంచం వేశారు. ఒకరోజు నేను పని మీదనుంచి వస్తూ వస్తూ, ఇంటికైనా వెళ్లకుండా, కిటికీ ఎదురుగా జీపు ఆపి లోపలికి వెళ్లాను. పెద్దమ్మ టీ పెట్టడానికి లేచింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. కూరల బండివాడు అరిస్తే అటు తిరిగి, "ఆనపకాయ తాజాగుంది, తీసుకోయే," అని పెద్దమ్మకి చెప్పారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఎక్కణ్నించే గుంటా?"

నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను.

"సిహావా అవతల్నించి పెదనాన్నా. రెండు వాగులు దాటాను."

"వెనక డ్రమ్ములు విప్పించీ. ఇసకుండిపోతాది," అన్నారు.

అలాగే అన్నాను. కిటికీ ఆయన తల పక్కనే ఉంది, రెక్కలు రెండూ తెరిచి ఉన్నాయి. కాస్త మెడ తిప్పితే జీపు చక్రాలు కనపడతాయి. ఆయన తిప్పలేదు. నా మొహం వైపే చూస్తూ పడుకున్నారు.