ఆ గొర్రెను ఎవరు పట్టుకున్నారు?

మాది పుల్లలచెరువు దగ్గర పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు. నేను హైదరాబాదులో ఒక ల్యాబులో పరిశోధన చేస్తున్న రోజులవి. కణాల్లోని ఒక ఎంజైముకు ఫాస్ఫేటు చేరిందో లేదో పట్టిచ్చే యాంటీబాడీ మా దగ్గర చిన్న ట్యూబు అడుగున కాస్తే మిగిలింది. గొర్రెకు సూదేసి, తర్వాత దాని రక్తం నుంచి తీసే పదార్థం అది.

రోజూ మిగతా యాంటీబాడీలకు చేసినట్టే దాన్నీ పాలపొడి నీళ్లలో కలిపి, కణాల ప్రోటీన్లు అంటించిన పలచటి పొర మీద పోశాను. పాలలోనూ ఫాస్ఫేటున్న ప్రోటీను ఉంటుందన్న సంగతి మరిచాను. యాంటీబాడీ దానికే అంటుకుంది. ఫలితం గీతగా కనబడాల్సిన ఫిల్ము మొత్తం నల్లగా వచ్చింది. ల్యాబు నడిపే మేడమ్ ఖాళీ ట్యూబును చూసి వెళ్లిపోయారు.

ఏడుస్తూ నాయనకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"ఆ గొర్రె బతికుందా అమ్మా?"

"తెలీదు నాయనా."

"మన గొర్రెలకు సూదేసేటప్పుడు నేను పట్టుకుంటా గదా. దాన్నెవరు పట్టుకున్నారో! ఏడ్వబాక. ఈసారి జాగర్తగా చెయ్యి."

కొత్త ట్యూబు వచ్చింది, పాలపొడి లేకుండా చేస్తే ప్రయోగం ఫలించింది. కానీ ఇప్పటికీ ట్యూబు మూత తీసేముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, గొర్రె మెడ మీద నాయన చెయ్యి ఆగినట్టు.