మధ్యలో మహీధర్

నందితకు కోపమొస్తే చున్నీ కొసను వేలికి చుట్టుకుంటుంది. వేలు ఎర్రబడేదాకా విప్పదు. సింగపూర్‌లోని టోవా పాయో క్లినిక్కుకు వెళ్లిన ప్రతిసారీ ఆ వేలు ఎర్రబడుతూనే ఉంది. అక్కడ తన గోడు తెలుగులో మొగుడికి చెప్పుకోవాలి, అతను ఇంగ్లీషులో డాక్టరమ్మకు చెప్పాలి. బ్యాంకు కంప్యూటర్లు రెండువేల సంవత్సరం రాగానే తడబడకుండా వైటూకే మరమ్మతులు చేసే మహీధర్ ఆమె చెప్పిన పది మాటల్నీ రెండుకు కుదించేవాడు.

ఏడో నెలలో ఒకరోజు, "నిన్నట్నుంచీ బిడ్డ కదలట్లేదండీ. కడుపంతా రాయిలా ఉంది, చెప్పండి" అంది. అతను సెల్‌ఫోను చూసుకుంటూ, "నథింగ్ డాక్టర్. ఫస్ట్ బేబీ, జస్ట్ టెన్షన్" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, మందు చీటీ రాయబోయింది. నందిత చున్నీ వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్, బేబీ నో మూవింగ్. యెస్టర్డే. హీ నాట్ ప్రెగ్నెంట్. ఆస్క్ మీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. వెంటనే బల్ల మీద పడుకోబెట్టి, కడుపుకు చిన్న మిషను ఆనించి వెతికింది. కాసేపటికి టకటకమంటూ గుండె చప్పుడు వినిపించింది. "హార్ట్ ఓకే లా. బట్ నెక్స్ట్ టైమ్, డోంట్ వెయిట్. కమ్ స్ట్రెయిట్" అంది సింగపూర్ యాసలో, నందితతోనే.

బయటికొచ్చాక మహీధర్, "ఏం లేదని నేను ముందే చెప్పా కదా" అన్నాడు.

"ఏం లేదని చెప్పాల్సింది ఆవిడండీ" అంది నందిత. "మీరు చెప్పాల్సింది నేను చెప్పిన మాట."