కుట్టు లోపలి గుడ్డ

మా వీధి చివరి గదిలో బట్టలు కుట్టే ఆవిణ్ణి అందరూ మిషనక్క అనేవారు. పక్క మిషను నాది. గుండీలు, అంచులు నా పని. ఎవరి బట్ట కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదలడం అక్క అలవాటు. "మనిషన్నాక ఒళ్ళు చేస్తారే, వదులు చేసుకోవద్దూ?" అనేది. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అంత మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ తోడికోడలు, అంటే మరిది పెళ్ళాం, నోటికి హద్దూ అదుపూ లేని మనిషి. "మా అక్క మిగిలిన గుడ్డ నొక్కేస్తుంది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పచ్చి అబద్ధం. గోరంత ముక్కయినా చుట్ట చుట్టి బట్టతోపాటే ఇచ్చేసేది అక్క. అయినా నిప్పు లేనిదే పొగ రాదనుకున్నారు జనం. సగం గిరాకీ పోయింది. అక్క తన మిషను తొక్కుకుంటూ పోయింది.

ఆ తర్వాత ఆ తోడికోడలే, ఏ మొహం పెట్టుకుని వచ్చిందో గానీ, ఖరీదైన ఉన్ని గుడ్డ తెచ్చి కోటు కుట్టమంది. అక్క కుట్టింది. అచ్చు పోసినట్టు అమరింది. ఇస్త్రీకి ముందు మాత్రం లోపల వదిలిన గుడ్డంతా కుట్టు దాకా కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. నేను నోరు వెళ్ళబెట్టాను.

"జన్మలో వదులు కాకూడదు దానికి" అంది తలెత్తకుండా.

కక్ష అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అరుపుల్లేవు, శాపనార్థాల్లేవు. కుట్టు మాత్రం చక్కగా ఉంది.

కొన్నేళ్ళకు తోడికోడలు జబ్బుపడింది. మందులకు ఒళ్ళొచ్చింది. కొత్తది కొనే స్తోమత లేక, చలి ముదురుతుంటే, ఆ కోటే పట్టుకుని వచ్చింది.

"కాస్త వదులు చెయ్యి అక్కా. లోపల గుడ్డ ఉంచుతావటగా, అందరూ అంటారు."

గుడ్డ చాలలేదంటే సరిపోయేది. నమ్మేది కూడా. అలా అనమని అక్కకు కళ్ళతో సైగ చేశాను. ఈ సంగతి పొక్కితే మిగిలిన గిరాకీకీ నీళ్ళొదులుకోవాల్సిందే.

అక్క కోటు ఒళ్ళో పెట్టుకుంది. "గుడ్డ లేదే. నేనే కత్తిరించి పారేశాను. నీ మీద కక్షతో" అంది.

తోడికోడలు అక్క ఒళ్ళోని కోటు అందుకుని కుట్టు తిరగేసి చూసింది. ఇక ఊరంతా చాటేస్తుందనుకున్నాను.

"నువ్వా?" అంది చివరికి. "అత్తగారి దగ్గర్నుంచి అందరూ నిన్ను దేవతనేవాళ్ళే. నీ పక్కన నిలబడ్డప్పుడల్లా నేనో రాక్షసిలా అనిపించి కుళ్ళి చచ్చాను. నువ్వూ నాలాంటిదానివే అక్కా!"

ఆ మాట అక్కకు చెంపదెబ్బలా తగిలింది, ఏడ్చేసింది. తోడికోడలు మాత్రం, వెళ్ళిపోతుందనుకుంటే, స్టూలు లాక్కుని అక్క పక్కన కూర్చుంది.