డీజిల్ పైపుకు కట్టిన అయస్కాంతం

మొన్న గద్వాలలో మా చిన్నల్లుడు కొత్తగా కొన్న కారులో స్టీరింగు కింద వేలెడంత పరికరం ఒకటి గుచ్చి, దీనితో పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయట మామా అని సంబరంగా చెబుతూ నన్ను శ్రీరంగాపూర్ దాకా తిప్పుకొచ్చాడు. దారి పొడుగునా అతను తెర మీది అంకెలు చూపిస్తూనే ఉన్నాడు గానీ, నా చెవి ఇంజను మీదే ఉండి, సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. ఇల్లు చేరాక కూడా ఆ అలజడి తగ్గలేదు. మా కాలంలో బండి నడిపినవాళ్లు మీలో ఉంటే నా అవస్థ అర్థమవుతుంది.

పాతికేళ్ల వయసులో వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య పెదనాన్న జీపు నడిపేవాణ్ణి. నడిపేవాణ్ణి అనడం కన్నా పీడించేవాణ్ణి అనడం నిజం, ఎందుకంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం నాకు చేతనయ్యేది కాదు. డీజిల్ బాగా మండుతుందని ఎవరో చెబితే పైపుకు అయస్కాంతం కట్టాను. నిజంగానే ఆ వారం జీపు కొంచెం ఎక్కువ దూరం వచ్చింది. ఫలితం చూడాలన్న ఆత్రంలో నేనే మెల్లగా తొక్కానన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఆ ధైర్యంతో వెడల్పాటి సైలెన్సర్ పెట్టించాను. గాలిని వడగట్టే ఫిల్టరు తీసేసి, ఇంజను హాయిగా ఊపిరి పీలుస్తుందని వలలాంటి జాలీ ఉన్న రేకు గొట్టం బిగించాను. చివరికి డీజిల్ ఎక్కువ పోయేట్టు పంపు స్క్రూ కూడా నేనే తిప్పుకున్నాను. చప్పుడు పెరిగింది, చప్పుడుతో పాటు బలమూ పెరిగిందని మనసు నమ్మేసింది.

వనపర్తిలో మా జీపును మొదటి నుంచీ చూసే ముసలి మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. వెనక నల్లటి పొగ చూసి ఆయన, "జర ఆగు బిడ్డా. లీటరు డీజిల్ సీసాల పోసి, గా సీసా మీదనే నడిపి సూద్దాం. అయస్కాంతం పెట్టి ఒకపారి, తీసి ఒకపారి. గప్పుడు తెలుస్తది" అన్నాడు. నాకు రోషం వచ్చి ఆ షెడ్డు వైపు వెళ్లడమే మానేశాను.

అలా ఉండగా ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అమ్రాబాద్‌లో అక్కకు నొప్పులు మొదలయ్యాయని, వెంటనే రమ్మని, నేను నాగర్‌కర్నూల్‌లో బండి ఆపే హోటలుకు బావ ఫోను చేశాడు. నా జీపంత జోరుగా పోయేది ఇంకొకటి లేదన్న గర్వంతోనే బయలుదేరాను. కొండ మీది ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి రేడియేటర్ సలసల కాగి, ఆవిరి ఎగజిమ్మి, జీపు నిలిచిపోయింది. చల్లారేదాకా మూత తీయడానికి లేదు. రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, నిమిషానికోసారి బానెట్టు ముట్టుకుని వేళ్లు కాల్చుకున్నాను.

అంతలో పైనుంచి బస్సు దిగి వచ్చింది. నా కోసం చూసి చూసి బావ అక్కను అందులో ఎక్కించాడు. నన్ను చూసి బస్సు ఆపించాడు. ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని, ముఖమంతా చెమటతో అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పరుగెత్తి వెళ్లి కిందనే నిలబడ్డాను.

"పరేషాన్ గాకు తమ్మీ. బండి సల్లగైనంక మెల్లగ రా. నేను పోత" అంది.

నేను తీసుకుపోవలసిన మనిషి నన్నే ఓదార్చి వెళ్లింది. అచ్చంపేట దవాఖానలో ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమమే. సాయంత్రం నేను చేరేసరికి బావ నా చేతిలో టీ గ్లాసు పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మరునాటి నుంచి అన్నం సహించక, చివరికి ఉస్తాద్ దగ్గరికే పోయాను. ఆయన ఇంజను విప్పి, స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పోయించినందుకే అది అంత కాగిందని చెప్పి, జాలీలోంచి దూరిన దుమ్ము లోపలి గోడలను ఎట్లా గీరేసిందో వేలితో తడిమించాడు. అన్నీ సరిచేశాక పెబ్బేరు దారిలో తానే సీసా కట్టాడు. అయస్కాంతం ఉన్నా, తీసేసినా జీపు ఒకే కల్వర్టు దగ్గర, పదడుగుల తేడాతో ఆగింది.

"ఫిల్టర్ కడుగు, చక్రాలల్ల గాలి సూసుకో, కాలు మెల్లగ తొక్కు. గదే మైలేజి" అన్నాడు.

"మరి బలం పెరగదా ఉస్తాద్?" అని అడిగాను.

"ఎందుకు పెరగదు? పంపును కొలిసే మిషన్ మీద పెట్టి, ఇంజన్ సల్లబడేటట్టు సూసుకొని, పద్ధతిగ చేస్తె పెరుగుతది. గని డీజిల్ గుడ తాగుతది. రెండూ ఒక్కతాన యాడ దొరుకుతయి?"

ఆ ఉస్తాద్ ఇప్పుడు లేడు. షెడ్డు ఉన్నచోట కార్లకు రంగు లైట్లు బిగించే దుకాణం వచ్చింది. ఇప్పటి కార్ల బానెట్టు ఎత్తితే లోపల నల్లటి మూత తప్ప నాకు తెలిసినదేదీ కనిపించదు. అక్క పోయి మూడేళ్లయింది. ఆమె ఉన్నన్నాళ్లూ క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు వెళ్లినా, తిన్నవా తమ్మీ అంటూ ఆమే మాట మార్చేసేది. ఇప్పటికీ ఏడాదికోసారి, ఆ రోజు పుట్టిన మేనకోడలిని చూడటానికి అమ్రాబాద్ బస్సెక్కుతాను. ఘాటు మొదలవగానే నిద్ర తేలిపోయి, నాలా ఎవరైనా ఆగిపోయారేమోనని మెడ చాచి మలుపు మలుపూ వెతుకుతాను. చల్లారడం కోసం ఆగి ఉన్న బండి ఒక్కటీ కనిపించదు.