వెండెల్ ట్రాస్క్ కొట్టిన నాలుగో మేకు

పెట్రోలు ట్యాంకుకి చెవి ఆనిస్తే చాలు, లోపల పెట్రోలు ఏమనుకుంటోందో వినగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు: వెండెల్ ట్రాస్క్. కొండకవతల ఏ బండైనా దగ్గితే ఇవతల కాఫీ తాగుతూ మందు చెప్పేస్తాడు. ఓట్‌మన్ ఊరి వీధుల్లో తిరిగే అడవి గాడిదలు గవర్నరు కారుకి కూడా దారివ్వవు. వెండెల్ బండి వస్తోందంటే మాత్రం పెళ్లివారిని ఆహ్వానిస్తున్నట్టు రెండు వరసలుగా చీలి నిలబడతాయి. ఎందుకు నిలబడవు? చచ్చిన బండిని నడికొండ మీద ఒట్టి చెవితో బతికించిన మహానుభావుడాయె! అతనుండే కింగ్‌మన్‌లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

మనిషి చూపులకి అలా కనపడడు. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ చమురు బావుల దగ్గర ముప్పయ్యేళ్లు పంపులు బాగుచేశాడు. ఆ మోతకి ఎడమ చెవి సగం పోయింది. ఈ కీర్తంతా మిగిలిన చెవిన్నర మీదే నిలబడి ఉంది. పని మానేశాక భార్య లవాన్‌తో ఎడారి దాటి కింగ్‌మన్ చేరాడు. వస్తూ వస్తూ ఇరవయ్యేళ్లనాటి జపాను మోటారుసైకిలు వెంట తెచ్చుకున్నాడు. దానికి నాలుగు సిలిండర్లు, వాటికి పెట్రోలూ గాలీ కలిపి అందించే నాలుగు కార్బురేటర్లు. నాలుగు కార్బురేటర్లంటే ఒకే వంటింట్లో నలుగురు తోడికోడళ్లన్నమాట. ఒకరు మూతి ముడిస్తే ఆ పూట నలుగురి పొయ్యీ వెలగదు.

ఏటా ఏప్రిల్ మొదటి శనివారం ఆ ఊరి బళ్లన్నీ పాత రోడ్డెక్కి, కొండ మీదుగా ఓట్‌మన్ వెళ్తాయి. ముందు నడిచే బండి హ్యాండిలుకి ఎర్ర గుడ్డ కడతారు. ఆ గుడ్డ నాలుగేళ్లుగా వెండెల్‌ది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పరాయివాడికి ఆ ఊళ్లో దక్కిన గౌరవమంతా ఆ మూరెడు గుడ్డే. దానికొక కట్టుబాటుంది. దారిలో మూడుసార్లు బండి ఆగితే, ఆ బండిని వెనకాల వచ్చే ట్రక్కెక్కించి, మనిషి కూడా అందులోనే కూర్చోవాలి. గుడ్డ రెండోవాడికి పోతుంది. ట్రక్కు తోలేది లవాన్. రెండోవాడు గస్ మర్కాడో. ఛాతీ దాకా తెల్లగడ్డం, దాని వెనకాల ఎప్పుడూ నవ్వు.

నిప్పు పెట్టింది గస్సే. కాలిఫోర్నియాలో అమ్మిన బళ్లకి మిగతా దేశంలో లేని నగ ఒకటుంటుంది, బొగ్గు నింపిన డబ్బా. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరి గాల్లో కలవకుండా ఒక గొట్టం దాన్ని ఈ డబ్బాలోకి తెస్తుంది. ఇంకో మూడు గొట్టాలు డబ్బా నుంచి ఇంజనుకి పోతాయి. మార్చి నెలలో ఒకరోజు గస్ వంగి దాన్ని చూశాడు.

“ఏం గురూ, అత్తారింటి తాయెత్తు ఇంకా విప్పలేదా? ఇక్కడ దాన్ని అడిగే నాథుడే లేడు కదా.”

అంతే. మరునాడు పొద్దున్నకి డబ్బా పెరట్లో పడుంది. వేలాడుతున్న నాలుగు గొట్టాల నోళ్లు మూయాలి. దానికి ఆ దేశంలో ప్రతి మగాడికీ తెలిసిన చిట్కా ఒకటుంది: గోల్ఫు బంతిని నిలబెట్టే చెక్క మేకు. గొట్టానికి కొలిచి చేసినట్టు సరిపోతుంది. వెండెల్ జన్మలో గోల్ఫు ఆడలేదు గానీ, మైదానం కంచె పక్కన ఏరిన మేకులు చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బొమ్మకి కళ్లు దిద్దినంత శ్రద్ధగా దిగ్గొట్టాడు.

పదకొండో మైలు దగ్గర బండి దగ్గి, రెండు గుటకలు మింగి, ఆగిపోయింది.

పెట్రోలుందో లేదోనని ట్యాంకు మూత తీశాడు. బుస్సుమంది. నిండుగా ఉంది. మూత బిగించి మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు మోగింది! ఇంటికొచ్చి ప్లగ్గులు విప్పి చూస్తే ఉప్పులా తెల్లగా ఉన్నాయి.

“గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదు. డబ్బా తీసేస్తే అంతే మరి, జెట్లు పెద్దవి వెయ్యాలి,” అన్నాడు లవాన్‌తో, డాక్టరు రోగి బంధువుకి చెప్పినట్టు.

కార్బురేటర్లు నాలుగూ విప్పాడు. పెట్రోలు ఇంకాస్త ఎక్కువ పోయేలా పెద్ద చిల్లున్న జెట్లు వేశాడు. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. మళ్లీ రోడ్డెక్కాడు. ఈసారి తొమ్మిదో మైలుకే ఆగింది. మూత తీశాడు, బుస్సు, బండి మోగింది. ఇంకా పెద్ద జెట్లు వేశాడు, ఎనిమిదో మైలు. కార్బురేటర్లలోని సూదులు పైకి జరిపాడు. వాటిలో పెట్రోలు మీద తేలే బుడ్డీల ఎత్తు మార్చాడు. ఊళ్లో తిరిగితే ప్లగ్గులు బొగ్గులా నలుపు, ఎడారిలో ఆగితే వెన్నెల్లా తెలుపు! చేసిన ప్రతి మరమ్మతూ పనిచేసినట్టే ఉండేది, మూత తీసి చూసిన ఆ కాసేపూ.

వంటింటి బల్ల మీద మూడు వారాలు కార్బురేటర్లే తిన్నాయి, కార్బురేటర్లే పడుకున్నాయి. మొగుడూ పెళ్లాలు పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు.

“వెండెల్, అది నా పళ్ల బ్రష్షు.”

“పాతదనుకున్నానే.”

“పొద్దున్న దాంతోనే తోముకున్నా.”

“అదీ సంగతి, జెట్టు తళతళ్లాడిపోతోంది.”

“ఆ డబ్బా మళ్లీ తగిలించెయ్యకూడదూ? ఉన్నన్నాళ్లూ కిక్కురుమనలేదు కదా బండి.”

“తగిలిస్తే గస్‌గాడు ఊరంతా చాటింపేస్తాడు. నువ్వు ఊరుకోవే, ఇది కార్బురేటర్ల వ్యవహారం.”

లవాన్ ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం అంటే బీరువా తలుపు ఊరికే రెండుసార్లు తీసి మూయడం.

ఏప్రిల్ మొదటి శనివారం రానే వచ్చింది. పెద్దమనిషి తరహాలో వెండెల్ ట్యాంకు అంచుదాకా నింపి, ఎర్ర గుడ్డ కట్టి, పందొమ్మిది బళ్లకి ముందు నిలబడ్డాడు. ఏడో మైలు దాటారో లేదో బండి గుటకలు మింగడం మొదలెట్టింది.

గస్ పక్కన ఆపి, ఒక్క వేలు పైకెత్తాడు. “ఒకటి.”

వెండెల్ పళ్లు కొరుక్కుంటూ మూత తీశాడు. బుస్సుమంది. బండి కదిలింది. కొండ మొదట్లో, మలుపులు ఇంకా మొదలవకముందే, మళ్లీ చచ్చింది.

“రెండు,” అన్నాడు గస్. “గురూ, ఆ గుడ్డ ఉతికావా? నాకు మురికిది కడితే దురద.”

“ఉతికించి నీ నోట్లో కుక్కుతాను, కాస్త ఆగు.”

వెండెల్ బండి దిగి రోడ్డు పక్కన రాతి మీద కూలబడ్డాడు. పైన ఇంకా ఎనిమిది మైళ్ల ఎక్కుడు. మూడోసారి ఆగడం ఖాయం. వెనకాల ట్రక్కులో తన సీటు, పక్కన లవాన్, ముందు గస్ వీపు, దాని మీదుగా ఎగిరే ఎర్ర గుడ్డ, అన్నీ కళ్లముందు కనపడ్డాయి. లవాన్ ట్రక్కు దిగి కాఫీ గ్లాసు, చిక్కపాల డబ్బా చేతిలో పెట్టింది. డబ్బా వంచాడు. రెండు చుక్కలు రాలి ఆగాయి. ఊపాడు. గట్టిగా ఊపాడు.

“ఇదీ ఇంతేనా! ఈ లోకంలో నా చేతికొచ్చిన ఏ వస్తువూ పనిచెయ్యదా?”

“రెండో చిల్లు పొడవడం మర్చిపోయానయ్యా, ఇలా తే,” అని లవాన్ స్క్రూడ్రైవరుతో డబ్బాకి ఇంకో పక్కన ఒక్క పోటు పొడిచింది. “గాలి లోపలికి పోనిదే పాలు బయటికెలా వస్తాయి?”

పాలు ధారగా పడ్డాయి. లవాన్ డబ్బా వంక చూసింది. తర్వాత ట్యాంకు వంక చూసింది.

“వెండెల్, నువ్వు మూత తీసినప్పుడల్లా బుస్సుమంటుంది కదా. నీ ట్యాంకుకి రెండో చిల్లేది?”

“మూతకి చిల్లుండదే. ఇది కాలిఫోర్నియా మూత, మిగతా బళ్ల మూతల్లా కాదు. గాలి లోపలికైనా బయటికైనా పోయేదంతా బొగ్గు డబ్బా గొట్టంలోంచే…”

కాఫీ గ్లాసు రాతి మీద పెట్టేశాడు.

లవాన్ ట్యాంకు కింద వేళ్లు పోనిచ్చి తడిమింది. దొరికింది. నాలుగో మేకు. సీసా బిరడా లాగినట్టు లాగింది. ట్యాంకు పెద్దగా ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్పు నిజమో కాదో తేల్చుకోడానికి వెండెల్ ట్యాంకు మీద కుడి చెవి ఆనించి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. పదకొండుసార్లు విప్పిన కార్బురేటర్లు, చెక్కుకుపోయిన కణుపులు, పళ్ల బ్రష్షు వరసగా కళ్లముందు నడిచాయి. దూరంగా నిలబడ్డ పందొమ్మిది మందికి కనపడింది మాత్రం ట్యాంకుకి చెవి ఆనించిన మనిషి, మరుక్షణం మోగిన బండి!

మూడోసారి ఆగలేదు. ఆగకపోగా, మూడు వారాలుగా పెంచిన జెట్లకి ఇప్పుడు అడ్డులేని పెట్రోలు దొరికింది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పల్చన. ఆ ఎనిమిది మైళ్లూ బండి ఇటుకల బట్టీలా నల్లటి పొగ కక్కుతూ ఎక్కింది. వెనకే వస్తున్న గస్ గడ్డం ఓట్‌మన్ చేరేసరికి నల్లబడి ముప్పయ్యేళ్లు చిన్నదైంది. వీధి మధ్యలో నిలబడ్డ గాడిదలు ఆ పొగని ఒక్కసారి వాసన చూసి ఇటు కొన్ని, అటు కొన్ని దూకాయి.

అక్కడి బార్లో కూర్చున్నాక గస్ ముఖం తుడుచుకుంటూ మొదలెట్టాడు. “నా కళ్లారా చూశానయ్యా. చెవి పెట్టాడు, బండి లేచింది. పైగా గాడిదలు కూడా సలాం కొట్టాయి!” అందరూ గ్లాసులెత్తారు. లవాన్ చేతిలో చెక్క మేకు తిప్పుతూ కూర్చుంది.

వెండెల్ ఎర్ర గుడ్డ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“చెవితో ఏం కాలేదు. ఆ మేకు కొట్టింది నేను, పీకింది లవాన్. గాడిదలు పొగకి పారిపోయాయి.”