చలివేంద్రానికి రిబ్బను

తొంభైలలో నేను విశాఖపట్నంలో యూనివర్సిటీ ఉద్యోగంలో చేరేసరికి మా శాఖలో సగంమంది పోర్టు దుమ్ము మీద, మిగతా సగం ఫ్యాక్టరీ పొగ మీద పరిశోధన చేస్తున్నారు. నేను ఎండ మీద చేస్తానన్నాను. "వేసవి అన్నాక ఎండ కాయదా మేడమ్, అందులో కొత్తేముంది?" అని నవ్వారు. నాకసలే మొండితనం ఎక్కువ. ఫిషింగ్ హార్బర్ వెనక కాలనీలో రేకుల ఇళ్ళలో థర్మామీటర్లు వేలాడదీసి, ఎండాకాలాలన్నీ అక్కడే గడిపాను. సముద్రం పక్కనే ఉన్నా మధ్యాహ్నం ఆ ఇళ్ళలో ఉక్కపోతకి ఊపిరాడదు.

మొట్టమొదట తన ఇంట్లో థర్మామీటరు పెట్టనిచ్చింది చేపలమ్మే ఒక పెద్దావిడ. "ఉడికిపోతన్నామని నాను సెప్తే సాలదేటి అమ్మగోరూ, దీనికో మిసను కావాలా?" అని ఆటపట్టించేది. అయినా నేను వెళ్ళినప్పుడల్లా బల్ల ఖాళీ చేసి కూర్చోబెట్టేది.

కొన్నేళ్ళకి వడదెబ్బ చావులు పేపర్లకెక్కాయి, నా మాటకీ విలువొచ్చింది. కాలనీలో ఇళ్ళ రేకులన్నిటికీ తెల్లసున్నం వేయిస్తే లోపల వేడి తగ్గుతుందని ఒక పథకం రాసి పెద్ద అధికారి ఒకాయనకి పంపాను. ఆయన సంతకం పడాలి. అందుకని కాలనీలోనే ఎండ జాగ్రత్తల మీద సభ పెట్టి, ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచాను. ఆయన చేతుల మీదుగా ప్రారంభించడానికి ఒక చలివేంద్రం కూడా సిద్ధం చేయించాను. కొత్త కుండల నిండా నీళ్ళు, మజ్జిగ. దాహమేసినప్పుడు బావి తవ్వినట్టు అంటారు కదా. మేం ముందే తవ్వి, దానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాం. ఆ రిబ్బను కొన్నది నేనే, దగ్గరుండి కట్టించిందీ నేనే.

పొద్దున్న మొదలవ్వాల్సిన సభ అతిథి రాకపోవడంతో మధ్యాహ్నానికి జారింది. టెంటు కింద ఆడవాళ్ళు కొంగులతో విసురుకుంటున్నారు. వేదిక మీద మాకు ఫ్యానూ, నీళ్ళ సీసాలూ ఉన్నాయి. ఊరికే కూర్చోబెట్టడం దేనికని నేను మైకందుకుని, దాహం వేసేదాకా ఆగొద్దు, ముందే తాగాలి అని చెప్పడం మొదలుపెట్టాను.

నాకు థర్మామీటరు పెట్టనిచ్చిన పెద్దావిడే లేచి వేదిక దగ్గరకొచ్చింది. "గొంతెండిపోతంది అమ్మగోరూ. ఓ గలాసుడు నీల్లిప్పిత్తారా?"

"ఇంకొక్క పది నిమిషాలు ఓర్చుకోమ్మా. సారు దారిలో ఉన్నారు," అన్నాను.

రిబ్బను తెగకముందే కుండలు ముట్టుకుంటే ఆయనకి కోపమొస్తుందేమో, సంతకం పెట్టడేమోనని నా భయం. నా ముందున్న సీసా అయినా ఇవ్వొచ్చు. ఒకరికిస్తే అందరూ అడుగుతారని ఇవ్వలేదు. ఆవిడ తలూపి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి కుర్చీలోంచి పక్కకి ఒరిగి నేల మీద పడిపోయింది.

ఆడవాళ్ళు రిబ్బను తెంపేసి కుండ ఎత్తుకొచ్చి ఆవిడ తల మీద నీళ్ళు పోశారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత అధికారి వచ్చాడు. తెగిన రిబ్బనుకి ఎవరో ముడేశారు, ఆయన కత్తిరించాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ ఎండలో నాకు శాలువా కూడా కప్పారు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

సంతకం పడింది. మర్నాడు, తప్పయిపోయిందని చెప్పుకుందామని పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. గోడకానుకుని కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది. కోడలు నన్ను చూసి, "కుండల్నిండా నీల్లెట్టుకుని మనిసిని ఎండగట్టేసినారు," అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దావిడ కోడల్ని కసిరింది. "ఊరుకోయే. పెద్దోరు రాకుండానే నీల్లిచ్చేత్తే అమ్మగోరికి మాటొచ్చేత్తదా, లేదా?" తర్వాత నా వైపు తిరిగి, "మీ మీటింగు పాడు సేసినాను. ఏటీ అనుకోకండమ్మగోరూ," అంది.

నేను చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. వాకిట్లో ఇరుగుపొరుగు చూస్తున్నారు.

"పరవాలేదులేమ్మా," అన్నాను.