దివ్యాంగుల జాబ్ మేళా, రెండో అంతస్తులో!

మా పిన్ని కూతురు రజితది దౌల్తాబాద్. ట్రాక్టర్ మీంచి పడ్డాక కాళ్లు పనిచేయడం లేదు. చేత్తో నడిపే కుట్టుమిషన్ మీద శిక్షణ తీసుకుంది. సిద్దిపేటలో దివ్యాంగులకు జాబ్ మేళా అనగానే వాళ్ల బాపు, "గిదొక్కసారి పోయిరా బిడ్డా. కాకుంటె ఇంట్లనే ఉండు, ఇగ తిప్పుడు నాతోని గాదు" అన్నాడట. అందుకే తోడు బయల్దేరాను. హైదరాబాద్ జేబీఎస్‌లో పొద్దున ఏడింటి బస్సెక్కి ప్రజ్ఞాపూర్‌లో దిగాను. రజితను బాపు అక్కడికి తెచ్చాడు. చక్రాల కుర్చీతో బస్సు కష్టం కాబట్టి రానూపోనూ పదిహేను వందలకు ఖాజా భాయ్ ఆటో మాట్లాడుకున్నాం.

పదింటికి చేరాం. 'దివ్యాంగులకు స్వాగతం' అని బ్యానర్, దాని కింద బాణం గుర్తు. బాణం మెట్ల వైపు! లిఫ్ట్ ఏదని అడిగితే వాలంటీర్ గర్వంగా, "లిఫ్ట్ లేదు మేడం, మోసెటోళ్లను పెట్టినం" అన్నాడు. కింది హాల్లో ఏముందని చూస్తే వంటలు. వంటాయన గరిటె తిప్పుతూ, "గింత పెద్ద గిన్నెలు పైకెట్ల మోస్తమమ్మా?" అన్నాడు. ఓరి దేవుడా! గిన్నెలకున్న పాటి మర్యాద మనుషులకు లేదా?

"నేనేమన్న బియ్యం బస్తనా? సార్లనే కిందికి రమ్మను" అని రజిత కదల్లేదు. ఖాజా భాయ్ పైకెళ్లి, ప్రజ్ఞాపూర్‌లో రెడీమేడ్ బట్టలు కుట్టించే ఒక యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. రజిత కుట్టిన జాకెట్టు తిప్పి చూసి, "సోమవారం నుంచి రామ్మా" అన్నాడాయన. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మిషన్లు యాడుంటయి సార్?" అంది రజిత.

"మేడ మీద."

మళ్లీ మెట్లే! కింద గది లేదా అని నేనంటే, బట్ట మూటలున్నాయి, జాగా లేదన్నాడు.

"మూటలకు గూడ కాళ్లు లెవ్వు సార్" అంది రజిత. "గవి ఒక్కసారి పైకి మోస్తె అయిపాయె. నన్నైతె రోజు మొయ్యాలె."

ఆయన ఫోన్ తీసి, "కింది గది ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

సాయంత్రం ప్రజ్ఞాపూర్‌లో బాపు, "ఏమాయె బిడ్డా?" అని అడిగాడు. "ఇగ రోజు తిప్పాలె బాపూ" అంది రజిత. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కాదు, నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వనిది అదే. బ్యానర్ కట్టారు, అన్నం వండారు, మోసేవాళ్లనూ పిలిచారు. మెట్లు మాత్రం ఎవరికీ కనబడలేదు. మీరు ఎవరినైనా ఇలాంటి మేళాకు తీసుకెళ్తుంటే ముందే ఫోన్ చేసి ఏ అంతస్తో అడగండి. మోసేవాళ్లున్నారంటే, ఆ బలమంతా పెట్టి ఇంటర్వ్యూ బల్లలే కిందికి దింపమనండి.